ట్యూబు ముక్క

అడ్వాన్సు తర్వాత ఇద్దువులే చెంగమ్మా,
ముందు ఆ పిడి పట్టుకో.
ఒంటి చేత్తో కాదు, రెండు చేతుల్తో.
పిడి కింద ఎర్ర రేకుంది చూడు,
అది నొక్కినంతసేపే బ్లేడ్లు తిరుగుతాయి.
వదిలితే నిలబడతాయి.
ఈ మిషన్ మొత్తంలో
మనిషిని తలుచుకునేది అదొక్కటే.

తోట పొదలకూరికి అవతలన్నావు గదా,
పద్నాలుగేళ్ల నిమ్మ చెట్లన్నావు.
పైపైన పో.
నిమ్మ వేరు పాతాళానికి దిగే రకం కాదు,
జానెడు మట్టి కింద సాలెగూడల్లే అల్లుకోనుంటాది.
వెనకున్న కడ్డీ రెండో బెజ్జంలోనే ఉండనీ,
గడ్డి చస్తే చాలు, చెట్టు చావకూడదు.

మిషన్ దించకముందు
వరస వరసా ఒట్టి చేతుల్తో నడిచి రా.
తెగిన డ్రిప్పు పైపు, గులకరాయి,
ఎన్నికలప్పటి ఫ్లెక్సీ పేలిక,
ఎవడో తాగి పారేసిన సీసా,
నువ్వు చూడకుండా వదిలింది
బ్లేడు చూస్తాది.

పైట బిగించి దోపుకుంటానంటావా?
అదీ చాలదు.
మీ ఆయన ప్యాంటు, చొక్కా తొడుక్కో, కాళ్లకు బూట్లు.
ఎవరన్నా నవ్వితే
దస్తగిరి చెప్పినాడని చెప్పు,
నన్ను చూసి నవ్వుకోనీ.
పిలకాయల్ని తోటలోకే రానీయొద్దు.

గరిక చుట్టుకుంటే
చెయ్యి పెట్టకముందే ఇంజనాపు,
ప్లగ్గు టోపీ ఊడబీకు, అప్పుడు కొడవలి తియ్.
పెట్రోలు అయిపోతే
వేడి మీద పొయ్యొద్దు,
నీ సద్దిమూట విప్పుకో,
నువ్వు తినేలోపల అదీ చల్లారతాది.

ఇంక వెనక్కి రావడం.
ముందుకు పోయేటప్పుడు మిషన్ నీ ముందర పోతాది,
వెనక్కొచ్చేటప్పుడు నీ మీదికొస్తాది.
అంతే తేడా.
అంతేనని చెప్పడానికి నాకు
ఎంతసేపు పడతాదో చూడు.

ఏందీ?
చెయ్యి తిమ్మిరెక్కితే ఏం చెయ్యాలనా?

మునిశేఖరూ ఇదే అడిగినాడు,
నువ్వు కూచున్న స్టూలు మీదే కూచోని.
"గంటసేపు నొక్కితే వేళ్లు కొయ్యబారతన్నాయి
దస్తగిరన్నా, ఏదోటి చెయ్యి."
సైకిలు ట్యూబు వేలెడు వెడల్పు కోసి
రేకునీ పిడినీ కలిపి
మూడు చుట్లు చుట్టినా.
పది రూపాయలిచ్చినాడు, తీసుకున్నా.
రెండో రోజు వచ్చి
బో సుఖంగా ఉందన్నా అని టీ ఇప్పించినాడు,
తాగినా.

మూడో రోజు వెనక్కొస్తా వస్తా
వీపు నిమ్మ మొద్దుకి తగిలింది.
అతను చేతులు వదిలేసినాడు,
నేను నేర్పింది నేర్పినట్టే చేసినాడు.
మిషన్ మాత్రం
నా ట్యూబు మాట విన్నది.

పక్క తోటలో మందు కొట్టేవాళ్లు
పరిగెత్తుకొచ్చి స్విచ్చి కట్టేసిందాకా.

కాలుంది. నడుస్తాడు.
బస్సెక్కేటప్పుడు ఎడమ కాలు పైన పెట్టి
కుడికాలిని చేత్తో ఎత్తుకుంటాడు,
సంచీ ఎత్తుకున్నట్టు.
బస్టాండులో కనపడితే బాగుండావా అన్నా అంటాడు.
ఒక్క తిట్టన్నా తిట్టుంటే
నేనీ కతంతా నీకు చెప్పేవాణ్ణి కాదేమో.

చెయ్యి తిమ్మిరెక్కితే వదిలెయ్ చెంగమ్మా.
అందుకే అది అట్టా చేసింది.
వదిలేసి, ఇంజనాపి, చెట్టు కింద కూచో,
నీళ్లు తాగు, వేళ్లు విదిలించుకో.
గంటకు నాలుగొందల యాభై బాడుగలో
నువ్వు కూచున్న సేపు లెక్కెయ్యను.
ట్యూబు ముక్క మటుకు అడగొద్దు.
పంచరు పని మానేసి మూడేళ్లయింది,
ఈ కొట్టులో రబ్బరనేదే లేదు.

ఇప్పుడు తాడు లాగు.
ఆఁ.
నొక్కు, వదులు.
మళ్లీ నొక్కు. వదులు.
ఇంజను గొణుగుడు కింద
టక్కుమని సన్నగా ఒక చప్పుడొచ్చిందే,
ఇన్నావా?
తోటలో ప్రతి వరస చివరా వదిలి చూడు.
ఎప్పుడన్నా ఆ టక్కు వినపడకపోతే
పని సగంలో ఉన్నా సరే
ఆటోలో ఏసి నా దగ్గరికి తెచ్చెయ్,
ఆటో బాడుగ నేనిస్తా.